గుర్రం ధర కాదు తమ్ముడూ, గడ్డి ధర చూడు

టెక్సాస్‌లోని ఫ్రిస్కో తమ్ముడికి. పాపకు రైడింగ్ పట్టుబడింది, ఆబ్రీ దగ్గర ఏడు వేల డాలర్లకు క్వార్టర్ హార్స్ జాతి గుర్రం ఉంది, కొనమంటారా అని అడిగావు. కొను. కాకపోతే ఆ ఏడు వేలే ఖర్చు అనుకోవడం మనవాళ్లంతా మొదట చేసే తప్పు. చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

1,100 పౌండ్ల గుర్రం రోజుకు తన బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం ఎండుగడ్డి తింటుంది. అంటే 16 నుంచి 22 పౌండ్లు. 50 పౌండ్ల కోస్టల్ బెర్ముడా గడ్డి కట్ట (బేల్) మూడు రోజులు రావడం గగనం. ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. ఏడాదికోసారి పళ్లు అరగదీయించాలి. టీకాలు, నులిపురుగుల మందు, నెలనెలా కొట్టం అద్దె వేరే. పాప పరీక్షలని నెలంతా జీను ముట్టకపోయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

చూడ్డానికి చెప్పిన టైముకన్నా అరగంట ముందే వెళ్లు. అప్పటికే జీను వేసి, చెమట పట్టించి ఉంచారంటే అనుమానించు: పొగరు దించడానికో, బిగుసుకున్న కాళ్లు సాగడానికో ముందే తిప్పి ఉంటారు. పచ్చికలోంచి పట్టుకోవడం దగ్గర్నుంచి నీ కళ్లముందే జరగాలి. గట్టి నేలమీద చిన్న వలయంలో దుడుకు నడక (ట్రాట్) నడిపించు. అడుగు పొట్టిగా పడుతున్నా, ముందుకాలు గిట్ట కొనతో నేలను తాకుతున్నా నవిక్యులర్ (గిట్ట లోపలి చిన్న ఎముక) నొప్పి కావచ్చు. బరువైన ఒళ్లు, చిన్న గిట్టలు ఉన్న ఈ జాతిలో అది మామూలే.

ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు, వెట్ చెక్ (కొనేముందు పశువైద్యుడి పరీక్ష) దగ్గర మనం పిసినారులమైపోతాం. అమ్మేవాళ్ల డాక్టర్ కాకుండా వేరే డాక్టర్ని పెట్టుకో. కీలు నిమిషంపాటు మడిచి పట్టి, వెంటనే పరిగెత్తించే పరీక్ష చేయించు. ముందు గిట్టలకు ఎక్స్‌రే తీయించు. అదే రోజు రక్తం తీసి పెట్టమను. బ్యూట్ అనే నొప్పి మందు వేస్తే కుంటు కొద్దిరోజులు కనపడదు, రక్తంలో మాత్రం దొరుకుతుంది.

ఇక కాగితాలు. అమరిల్లోలోని ఏక్యూహెచ్ఏ (క్వార్టర్ హార్స్ జాతిని నమోదు చేసే సంఘం) సర్టిఫికెట్‌లో రాసిన తెల్లమచ్చలు గుర్రం ఒంటిమీద ఉన్నాయా? ఓనరుగా నమోదైన పేరు అమ్మేవాడిదేనా? కాకపోతే అక్కడే ఆగు. మధ్యలో చేతులు మారిన ప్రతివాడి సంతకం దొరికేదాకా అది నీ పేరు మీదికి రాదు. పేపర్లున్నాయనే మాటకు ఎక్కువ డబ్బు పోసి, చివరికి పేపర్లు లేని గుర్రాన్ని ఇంటికి తెచ్చుకునేది ఇక్కడే. సంతకమైన ట్రాన్స్‌ఫర్ రిపోర్టు చేతిలో పడకుండా డబ్బివ్వకు.

జన్యు పరీక్షల ఫలితం అడుగు. హెచ్‌వైపీపీ, పీఎస్‌ఎస్‌ఎమ్1 (రెండూ కండరాల జబ్బులు) జన్యువు ఒక్క కాపీ ఉన్నా గుర్రానికే జబ్బు రావచ్చు, వదిలెయ్. హెర్డా (చర్మపు జబ్బు), జీబీఈడీ (పుట్టిన పిల్లను చంపే జబ్బు) ఒక్క కాపీయే ఉంటే గెల్డింగ్‌కి (విత్తులు తీసిన మగగుర్రానికి) ఇబ్బంది లేదు, పిల్లలు తీయాలనుకుంటేనే చిక్కు. (పాపకు గెల్డింగే మేలు.) కోగిన్స్ (ఈఐఏ అనే అంటు రక్తజబ్బుకు చేసే) పరీక్ష, రాష్ట్ర నిబంధనలు రాష్ట్ర పశు ఆరోగ్య శాఖ వెబ్‌సైట్లో చూసుకో. హెచ్-1బీ మీద ఉండి గుర్రాలు కొని అమ్మే వ్యాపారం పెట్టాలనిపిస్తే ముందు లాయర్‌ని అడుగు.

అమ్మాల్సి వస్తే చలికాలందాకా ఆగకు. గడ్డి ఖరీదవుతుంది, కొనేవాళ్లు తగ్గుతారు, రేటు నువ్వే దించుకుంటావు. వసంతంలో అమ్ము. పట్టుకోవడం, గిట్టలెత్తడం, జీను వెయ్యడం, మూడు నడకలు (వాక్, ట్రాట్, లోప్), ట్రెయిలర్ ఎక్కడం అన్నీ కత్తిరించకుండా ఒకే వీడియోలో పెట్టు. చూడకుండానే కొంటానంటూ ధరకన్నా ఎక్కువకి క్యాషియర్ చెక్ పంపి, మిగతాది ట్రాన్స్‌పోర్టువాడికి ఇవ్వమనేవాడు దొంగ. ఆ చెక్కు నకిలీదైతే ఖాతాలో కనపడ్డాక కూడా వెనక్కి పోవచ్చు. చెక్కు నిజంగా చెల్లిందని దాన్ని జారీచేసిన బ్యాంకు చెప్పేదాకా ట్రెయిలర్ తలుపు తియ్యకు.