అధ్యక్షుడా, బిషప్పా, యాజకుడా?

సందేహం: మా సంఘ పత్రిక కోసం తొలి శతాబ్దాల క్రైస్తవ సంఘ నాయకుల మీద వ్యాసం రాశాను. 'అంతియొకయ అధ్యక్షుడు ఇగ్నేషియస్' అని రాస్తే ఒకరు 'సంఘానికి ప్రెసిడెంట్ ఏమిటి, బిషప్ అనండి' అన్నారు. ప్రూఫులు చూసినాయన 'ప్రీస్ట్' అన్నచోటల్లా 'పూజారి' అని దిద్దారు. నేను అది కొట్టేసి 'యాజకుడు' అని పెట్టాను. అది చూసి మా పాస్టర్ గారు 'నేను యాజకుణ్ణి కానండీ' అన్నారు. ఎవరి మాట రైటు? ఇంకో చిన్న సందేహం. స్త్రీ పాస్టర్ అయితే 'పాస్టరమ్మ' అని రాయవచ్చా?

సమాధానం: మీ పాస్టర్ గారి మాట రైటు. ప్రూఫులు చూసినాయన దిద్దుబాటు తప్పు. 'అధ్యక్షుడు' సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు.

అధ్యక్షుడు అంటే ఇవాళ మనకు పార్టీ అధ్యక్షుడో, అమెరికా అధ్యక్షుడో గుర్తొస్తారు. లేదా 'సభకు అధ్యక్షత వహించవలసిందిగా' అని మైకులో పిలిపించుకునే పెద్దమనిషి. ఆ మాట పాత అర్థం వేరు. అధి అంటే పైన, అక్షం అంటే కన్ను. ప్రత్యక్షం, పరోక్షం అన్నప్పుడు ఉన్న కన్నే ఇక్కడా ఉంది. పైనుండి కనిపెట్టి చూసేవాడు అధ్యక్షుడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రెండో అధికరణం పేరే అధ్యక్షప్రచారం. సేద్యం చూసుకునే సీతాధ్యక్షుడు, నూలు, నేత చూసుకునే సూత్రాధ్యక్షుడు, సుంకాలు చూసుకునే శుల్కాధ్యక్షుడు అందులో వరసగా కనిపిస్తారు. వీళ్లెవరూ ప్రెసిడెంట్లు కారు. అప్పగించిన పనిమీద కన్నేసి ఉంచే అధికారులు. భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో 'మయాధ్యక్షేణ ప్రకృతిః' అన్నచోట కూడా అర్థం ఇదే.

ఇప్పుడు గ్రీకు మాట చూడండి. కొత్త నిబంధనలో ఉన్నది ఎపిస్కొపోస్. ఎపి అంటే పైన, స్కొపోస్ అంటే చూసేవాడు. తెలుగు బైబిలు అనువాదకులు 'అధ్యక్షుడు' అని పెట్టినప్పుడు ముక్కకు ముక్క అతికినట్టు సరిపోయింది. అనువాదకుడికి ఇలాంటి అదృష్టం ఎప్పుడో గాని పట్టదు. 'బిషప్' ఎక్కడినుంచి వచ్చిందంటారా? అదీ ఈ ఎపిస్కొపోసే. నోళ్లలో నలిగి ముందున్న 'ఎ' ఊడిపోయింది, చివరి 'ఓస్' రాలిపోయింది, 'ప' కాస్తా 'బ' అయింది. అంటే మీకు సలహా ఇచ్చినాయన, గ్రీకు మాట అర్థాన్ని తీసేసి దాని శబ్దాన్ని పెట్టమన్నారన్నమాట!

అలాగని ఆయన మాట కొట్టిపారెయ్యలేం. అది ఏ కాలం గురించి రాస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయంలో పౌలు మిలేతులో ఆగి ఎఫెసు నుంచి 'సంఘపు పెద్దలను' పిలిపిస్తాడు. అది పదిహేడో వచనం. ఇరవై ఎనిమిదో వచనానికి వచ్చేసరికి వాళ్లనే 'అధ్యక్షులు' అంటాడు. మనుషులు వాళ్లే, పేర్లు రెండు. పైగా ఒకే ఊళ్లో పలువురు. ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక మొదటి వచనంలోనూ 'అధ్యక్షులకును పరిచారకులకును' అని బహువచనమే. పరిచారకులంటే ఇంగ్లీషులో డీకన్లు. ఇక్కడ మీరు 'బిషప్పులు' అని రాస్తే చదివేవాడికి ఎత్తు టోపీ, చేతికర్ర, కథీడ్రల్ కళ్లముందుకొస్తాయి. మొదటి శతాబ్దంలో అవేవీ లేవు. కాబట్టి ఆ కాలానికి పెద్దలు, అధ్యక్షులు, పరిచారకులు అన్న బైబిలు మాటలే ఉంచండి.

ఇగ్నేషియస్ దగ్గరికొచ్చేసరికి పరిస్థితి మారింది. రెండో శతాబ్దం తొలినాళ్లలో ఆయన్ను శిక్షకోసం రోముకు తీసుకుపోతుంటే దారిలో ఏడు ఉత్తరాలు రాశాడు. వాటిలో ఒక ఊరికి ఒక్క ఎపిస్కొపోస్, ఆయన చుట్టూ పెద్దలు, వారికి తోడు పరిచారకులు. బిషప్ ఎక్కడ కనిపిస్తే ప్రజలు అక్కడ ఉండాలని స్ముర్న సంఘానికి గట్టిగానే చెప్పాడు. మనం ఇవాళ బిషప్ అనుకునే పదవి ఇక్కడ స్పష్టంగా ఉంది. అందుకని నా ఓటు 'అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్'కే. 'అధ్యక్షుడు' మీద మీకు మక్కువ ఉంటే 'సంఘాధ్యక్షుడు' అనండి, ఎవరూ పొరబడరు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు డయాసిస్‌ను, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతాన్ని, 'అధ్యక్ష మండలం' అనడంలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. కతోలిక సంఘంలో వాడే 'పీఠాధిపతి' కూడా మంచి మాటే. లాటిన్ కతెద్రా అంటే కుర్చీ, పీఠం. బిషప్ పీఠం ఉన్న గుడి గనకే కథీడ్రల్. అయితే ఇగ్నేషియస్‌కు ఆ బిరుదు కాస్త బరువు.

ఒకచోట మాత్రం జాగ్రత్త. రోములో జస్టిన్ అనే క్రైస్తవ పండితుడు సుమారు 155లో చక్రవర్తికి రాసిన విజ్ఞాపనలో ఆదివారపు ఆరాధనను వర్ణించాడు. అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో చదువుతారు. ఒకాయన వాటి మీద మాట్లాడతాడు. అందరూ లేచి ప్రార్థిస్తారు. రొట్టె, ద్రాక్షారసం, నీళ్లు తెస్తారు. ఆయన కృతజ్ఞతాస్తుతి చెల్లిస్తే జనం 'ఆమెన్' అంటారు. రాలేకపోయినవాళ్ల ఇళ్లకు పరిచారకులు వాటిని తీసుకెళ్తారు. ఆ 'ఒకాయన'కు జస్టిన్ వాడిన మాట ఎపిస్కొపోస్ కాదు, ప్రొఎస్తోస్, ముందు నిలిచేవాడు. ఇప్పటి అర్థంలో 'అధ్యక్షత వహించేవాడు' అన్నది నిజానికి ఇక్కడ సరిపోతుంది! కానీ అలా రాస్తే ముందు చెప్పిన అధ్యక్షుడితో కలిసిపోతుంది. 'ఆరాధన నడిపించేవాడు' అని తేల్చెయ్యండి. అన్నట్టు, ఈమధ్య 'ముందు ఆరాధన, తర్వాత వాక్యం' అంటూ పాటలకు మాత్రమే ఆరాధన అని పేరు పెడుతున్నారు. జస్టిన్ చెప్పినదంతా, చదువు మొదలుకొని రొట్టె దాకా, ఆరాధనే. వ్యాసంలో ఆ మాటను కుదించకండి.

ఇక ప్రీస్ట్. చిక్కంతా ఇంగ్లీషుది. ప్రీస్ట్ అన్న మాట గ్రీకు ప్రెస్బుటెరోస్ నుంచి వచ్చింది, అంటే పుట్టుకతో దాని అర్థం 'పెద్ద'. కానీ పాత నిబంధనలో బలులు అర్పించే అహరోను వంశంవారినీ ఇంగ్లీషువాళ్లు ప్రీస్టులే అన్నారు. గ్రీకులో ఇవి రెండు వేరు మాటలు. బలి అర్పించేవాడు హియెరెవ్స్. తెలుగులోనూ రెండున్నాయి: పెద్ద, యాజకుడు. చేతిలో రెండు మాటలు పెట్టుకుని ఒక్క మాటతో ఇంగ్లీషు పడే అవస్థను మనం అరువు తెచ్చుకోవడం దేనికి?

యాజకుడు అంటే యజ్ఞం చేయించేవాడు. కొత్త నిబంధన ఆ మాటను యూదుల యాజకులకు వాడింది, హెబ్రీ పత్రికలో క్రీస్తుకు వాడింది, 'రాజులైన యాజకసమూహము' అని విశ్వాసులందరికీ వాడింది. సంఘ నాయకుడికి పదవిపేరుగా మాత్రం వాడలేదు. మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్ సిప్రియన్ దగ్గర ఆ మార్పు బాగా కనిపిస్తుంది. ఆయన బిషప్‌ను లాటిన్‌లో ససెర్దోస్, అంటే యాజకుడు అన్నాడు, ప్రభు భోజనాన్ని బలిగా చెప్పాడు. 258లో ఆయన తల నరికారు. కాబట్టి మీ వ్యాసంలో సిప్రియన్‌కు ముందు 'పెద్ద' అని రాసి, ఆయన దగ్గర 'యాజకుడు' అని రాస్తే, ఆ మార్పు వాక్యాల్లోనే కనబడుతుంది. అంతటా ఒకే మాట పెట్టి చదును చేస్తే చరిత్రే పోతుంది. 1520లో ప్రొటెస్టంట్ ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ విశ్వాసులంతా యాజకులే అన్నాడు. ఆ దారిలో వచ్చిన సంఘాల్లో పాస్టర్ ఒక్కడినే యాజకుడంటే మిగతావాళ్లు కారన్నట్టు అవుతుంది. మీ పాస్టర్ గారి అభ్యంతరం అదే అయ్యుంటుంది. పాస్టర్ అంటే లాటిన్‌లో గొర్రెల కాపరి, ఆయన్ను 'కాపరి' అంటే ఆయనకూ ఇబ్బంది ఉండదు.

కతోలికులు తమ ఫాదర్‌ను తెలుగులో 'గురువు' అంటారు. వారి గురించి రాసేటప్పుడు వారి మాటే వాడాలి. 'చర్చి పూజారి' మాత్రం ఎవరి వాడుకా కాదు. నిఘంటువు చూసి ఇంగ్లీషు వార్తను తెలుగు చేసేవాళ్ల వల్ల పేపర్లలోకి వచ్చింది.

చివరి సందేహం. 'పాస్టరమ్మ' అంటే వాడుకలో పాస్టర్ గారి భార్య. ఆమే పాస్టర్ అయినప్పుడు 'పాస్టరమ్మ గారు ప్రసంగించారు' అని రాస్తే సగంమంది భార్య అనే అనుకుంటారు. 'పాస్టర్' అనే రాసి పేరు చేర్చండి. బిషప్‌కైనా అంతే. 2013లో నంద్యాలలో ఇ. పుష్పలలిత సీఎస్ఐకి తొలి మహిళా బిషప్ అయ్యారు. 'బిషప్ గారు వచ్చారు' అంటే ఆడవారికీ మగవారికీ క్రియ ఒక్కటే కదా. వేరే స్త్రీలింగ రూపం కట్టాల్సిన పనిలేదు. పరిచారకుడి విషయంలో మాత్రం తెలుగు బైబిలే దారి చూపింది. కెంక్రేయలోని ఫీబేను రోమా పత్రికలో 'సంఘ పరిచారకురాలు' అంది. మీరూ అలాగే రాయండి.