తాతగారి పెట్టెలో పతకాలు

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిలిటరీలో పనిచేశారు. ఆయన పెట్టెలో ఆరు మొనల నక్షత్రం ఒకటి, గుండ్రటి పతకాలు రెండు దొరికాయి. రిబ్బన్లు పోయాయి. ఆయన ఎక్కడ పోరాడారో వీటిని బట్టి తెలుస్తుందా?

జవాబు: చాలావరకు తెలుస్తుంది. ఆ యుద్ధానికి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన నక్షత్ర పతకాలన్నీ ఒకే ఆకారం కాబట్టి రిబ్బను లేకపోతే దూరం నుంచి పోల్చుకోలేం. కానీ నడుమనున్న కిరీటం, రాజముద్ర చుట్టూ ఉన్న వలయం మీద ఇంగ్లీషులో పేరు ఉంటుంది. భూతద్దం పెట్టి అదే చదవండి. ఆఫ్రికా స్టార్ అని ఉంటే 1940 జూన్ 10కీ 1943 మే 12కీ మధ్య ఉత్తరాఫ్రికాలోనో, ఎరిత్రియా, అబిసీనియా వంటి తూర్పు ఆఫ్రికా రంగాల్లోనో ఉన్నారు. ఇటలీ స్టార్ అయితే 1943 జూన్ తరవాతి సంగతి. బర్మా స్టార్ దగ్గరే చాలామంది పొరబడతారు. అది ఉన్నంతమాత్రాన ఆయన బర్మాలో అడుగుపెట్టారని కాదు. కొన్ని నిర్ణీత కాలాల్లో బెంగాల్, అస్సాంలలో పనిచేసినవారికీ అదే ఇచ్చారు. ఉత్త 1939-45 స్టార్ ఒక్కటే ఉంటే, ఏదో ఒక యుద్ధరంగంలో దాదాపు ఆరు నెలలు ఉన్నారని తప్ప చోటు తెలియదు.

ఇక గుండ్రటివి. రెండు తలల డ్రాగన్‌ను తొక్కి నిలబడ్డ సింహం ఉంటే అది వార్ మెడల్. 28 రోజులు పూర్తికాల సైనిక సేవ చేస్తే చాలు, వచ్చేది. ఇండియా పటం ఉంటే ఇండియా సర్వీస్ మెడల్. యుద్ధరంగం కాని చోట మూడేళ్లు పనిచేసినవారిది. కిరీటానికి అటూ ఇటూ రెండు సింహాలుంటే డిఫెన్స్ మెడల్. ఈ చివరి రెండూ ఒకే మనిషికి ఇవ్వలేదు. రెండూ కనిపిస్తే ఆ పెట్టెలో ఇంకొకరివి కూడా కలిసినట్టే. మెరుస్తున్నాయి గదా అని కంసాలి దగ్గరికి వెళ్లకండి, అది రాగి, నికెల్ మిశ్రమం. చింతపండుతో గానీ పాలిష్‌తో గానీ తోమొద్దు, అక్షరాలు అరిగిపోతాయి. అంచు మీద నంబరు, పేరు ఉంటే పొల్లుపోకుండా రాసుకోండి.

కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో వెతికి, పేరు లేదని నిరాశపడేవారున్నారు. అది చనిపోయినవారి జాబితా. ప్రాణాలతో తిరిగివచ్చిన మనిషి అందులో ఎలా ఉంటారు? డిశ్చార్జి సర్టిఫికెట్ వెతకండి. రెజిమెంటు పేరు దొరికితే దాని రికార్డు ఆఫీసుకు సైనిక నంబరు, తండ్రి పేరు, ఊరు, చేరిన ఏడాది రాసి పంపండి. మద్రాస్ రెజిమెంట్ కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ శాపర్స్ (సైనిక ఇంజనీర్ల దళం) కేంద్రం బెంగళూరులో ఉన్నాయి. నంబరు లేని ఉత్తరానికి జవాబు రావడం కష్టం, అదే పేరుతో బోలెడుమంది ఉంటారు.

ప్రశ్న: మనల్ని అడక్కుండా యుద్ధంలోకి దించారు సరే, ఖర్చు ఎవరు పెట్టారు?

జవాబు: 1939 సెప్టెంబర్ 3న ఇండియా కూడా యుద్ధంలో ఉందని వైస్రాయ్ లిన్‌లిత్‌గో ప్రకటించేశాడు, కేంద్ర శాసనసభను అడగలేదు. సుమారు రెండు లక్షల సైన్యం 25 లక్షలైంది. ఖర్చు మాట ఆ తరవాతి ఒప్పందంలో తేలింది: శాంతికాలపు మామూలు ఖర్చు, ఇండియా రక్షణ కోసం చేసే అదనపు ఖర్చు మనవి, మన సేనల్ని విదేశాల్లో వాడుకుంటే ఆ ఖర్చు బ్రిటన్‌ది. వినడానికి న్యాయంగానే ఉంది. తిరకాసు చెల్లింపులో ఉంది. బ్రిటన్ ఇక్కడ రూపాయలు ఇవ్వలేదు, లండన్‌లో పౌండ్ల పద్దు రాసింది. ఆ బాకీ పత్రాలను హామీగా పెట్టుకుని రిజర్వ్ బ్యాంక్ ఇక్కడ నోట్లు అచ్చేసింది. చలామణిలో ఉన్న నోట్లు యుద్ధం ముగిసేసరికి దాదాపు ఆరు రెట్లయ్యాయి. సరుకు పెరగలేదు, సైన్యానికే పోయింది. ధరలు మండిపోయాయి. మనం బ్రిటన్‌కు బాకీ ఉన్న పాత అప్పులు దాదాపు తీరిపోయాక కూడా సుమారు 130 కోట్ల పౌండ్లు మనకు రావలసినవి మిగిలాయి. పౌండుకు 13 రూపాయల పైచిలుకు లెక్కన 1,700 కోట్ల రూపాయలకు పైమాటే. అప్పిచ్చినవాడికి ఆకలి మిగిలింది.

ప్రశ్న: విశాఖ మీద నిజంగా బాంబులు పడ్డాయా?

జవాబు: పడ్డాయి. 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా. జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి ఆ విమానాలు లేచాయి. సేనలు దిగుతాయని తీరమంతా హడలిపోయింది గానీ, ఆ దాడి ఉద్దేశం బంగాళాఖాతంలో సరుకు రవాణాను దెబ్బకొట్టడం. ఆ రోజుల్లోనే ఈ సముద్రంలో జపాన్ నౌకాదళం ఇరవైకి పైగా వ్యాపార నౌకల్ని ముంచింది.