ఇంటర్నేషనల్ స్కూల్లో చేరబోతున్న మా అమ్మలుకి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మలుని పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

బ్యాంకాక్ స్కూలు నుంచి సైన్సు టీచరు ఉద్యోగానికి ఆఫర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఆగస్టులో చేరేలోగా ఏ కోర్సు చెయ్యాలి, ఏ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి అని అడిగావట. ఆ సంగతి స్కూలే చూసుకుంటుంది. ఐబీ, అదే ఇంటర్నేషనల్ బాకలారియేట్ చదువు చెప్పే స్కూలు కనక వర్క్‌షాపులకి వాళ్లే పంపిస్తారు, పంపించక తప్పదు కూడా. నేను చెప్పేది వేరే. అక్కడ నీ తరగతి తలుపు మూసుకుని పాఠం చెప్పకు. దారెస్సలాంలోనూ మస్కట్‌లోనూ ఇంటర్నేషనల్ స్కూళ్లలో అన్నేళ్లు పనిచేశాక నేను గట్టిగా నమ్మింది ఇదే.

ఐబీ పుట్టిందే టీచర్లు కలిసి కూచోబట్టి. 1924లో జెనీవాలో ఇంటర్నేషనల్ స్కూలు పెట్టింది నానాజాతి సమితిలోనూ, కార్మిక సంస్థలోనూ పనిచేసేవాళ్ల పిల్లల కోసం. ఒకే బెంచీ మీద కూచున్న పిల్లలు తలో దేశం కాలేజీకి వెళ్లాలి, తలో పరీక్షా రాయాలి. ఆ అవస్థ రోజూ చూసిన టీచర్లు, వేరే స్కూళ్ల వాళ్లతోనూ మాట్లాడుకుని, అందరికీ పనికొచ్చే ఒక పరీక్ష కోసం పాటుపడ్డారు. 1968లో ఐబీ అలా వచ్చింది.

నువ్వు చేరగానే మొదట చెయ్యాల్సింది మార్కుల దగ్గర. ఐబీలో మధ్య తరగతుల చదువైన మిడిల్ ఇయర్స్ సైన్సులో ఒక్కో క్రైటీరియన్‌కి, అంటే మార్కులు వేసే ఒక్కో అంశానికి, ఎనిమిది మార్కులు ఉంటాయి కదా. నీ తరగతి పిల్లవాడి ల్యాబ్ రిపోర్టు ఒకటి తీసి, పేరు కొట్టేసి, జిరాక్స్ చేయించి ఇంకో ఇద్దరు సైన్సు టీచర్లకి ఇవ్వు. ఒకరి మార్కు ఒకరికి చూపించకుండా ముగ్గురూ వేసి, అప్పుడు బల్ల మీద పెట్టండి. లోలకం ప్రయోగమే అనుకో. పిల్లవాడు పది డోలనాలకి పట్టిన కాలం కొలిచి, పదితో భాగించాడు, గ్రాఫ్ గీశాడు. స్టాప్‌వాచ్ నొక్కడంలో చేతి ఆలస్యం వల్ల తేడా వచ్చిందని రాశాడు, దాన్ని ఎలా తగ్గించాలో మాత్రం రాయలేదు. ఒకరు అయిదు వేస్తారు, ఒకరు ఏడు. ఆ రెండు మార్కుల తేడా గురించి మీరు మాట్లాడుకునే అరగంటే అసలైన శిక్షణ. తప్పు పట్టుకోవడం చాలా, దిద్దే దారి కూడా చెప్పాలా, చెప్పాలంటే ఆ సంగతి పిల్లలకి మనం ఎప్పుడైనా నేర్పామా అన్నది అక్కడే తేలుతుంది. ఐబీలో చివరి రెండేళ్లయిన డిప్లొమా తరగతుల్లో ఇది ఇంకా ముఖ్యం. నువ్వు వేసిన ఇంటర్నల్ మార్కుల్లో కొన్ని శాంపిల్స్, మార్కులు సరిగ్గా వేశారా అని చూసే బయటి మోడరేటరు దగ్గరికి వెళతాయి. నువ్వు చెయ్యి జార్చి వేశావని ఆయనకి అనిపిస్తే ఆ శాంపిల్‌లో ఉన్నవాళ్లకే కాదు, మొత్తం తరగతికే కోత పడుతుంది.

తరవాత పాఠాలు. జపానులో టీచర్లు మేజీ చక్రవర్తి కాలం నుంచీ చేస్తున్న పద్ధతి ఒకటుంది. నలుగురూ కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు వెనక కూచుని పిల్లల్ని చూస్తారు. చూసేది టీచరుని కాదు, పిల్లల్ని. ఏ పిల్ల ఎక్కడ పెన్ను ఆపింది, ఎవడు పక్కవాడి నోట్సులోకి తొంగిచూశాడు అన్నది రాసుకుంటారు. పాఠం నలుగురిదీ కనక అది తేలిపోయినా చెప్పినవాళ్లకి చిన్నతనం ఉండదు. టర్ముకి ఒక్కసారి చేసినా చాలు. ఎవరూ ముందుకి రాకపోతే నువ్వే మీ కోఆర్డినేటర్‌ని అడిగి, నీ తరగతికే రమ్మను.

నీ పాఠం చూసిన కెనడా ఆవిడో, దక్షిణాఫ్రికా ఆయనో "ఇది ఇలా ఎందుకు చేస్తావు?" అని అడిగితే చిన్నబుచ్చుకోకు. మన ఊరి సంగతే తీసుకో. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు స్కూళ్ల ఇన్‌స్పెక్టరు, మీరు మాట్లాడే తెలుగుకీ పుస్తకాల్లో తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారి మీదుగా గిడుగు రామమూర్తి పంతులుగారికీ, గురజాడకీ చేరింది. పరాయివాడికి మన సంగతి ఏం తెలుసని వాళ్లు కొట్టిపారేసి ఉంటే, మన స్కూలు పుస్తకాల్లో తెలుగు ఎంతకాలం అలాగే ఉండిపోయేదో! ఆ పంతులుగారు 1880లో మన పర్లాకిమిడి స్కూల్లో చేరిన మామూలు టీచరు. సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసిన మనిషి.

నువ్వూ ఉత్త చేతులతో వెళ్లడం లేదు. గుణుపురంలో నీ తరగతిలో ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లూ, తెలుగు మాట్లాడేవాళ్లూ, సవర తప్ప ఇంకేదీ రానివాళ్లూ పక్కపక్కనే కూచునేవారు. 2006లో మన ఒడిశాలో మొదలైన బహుభాషా విద్యలో సవర కూడా ఉంది కనక ఆ పుస్తకాలూ నీకు తెలుసు. ఇంగ్లీషు రాని కొరియా పిల్లో జపాను పిల్లో తరగతిలో చేరితే అక్కడ చాలామంది టీచర్లు తడబడతారు. ముందు వస్తువు చూపించి, ఇంటి భాషలో ఆలోచించనిచ్చి, తరవాత స్కూలు భాషలోకి తీసుకురావడం నువ్వు రోజూ చేసిన పని. స్టాఫ్ మీటింగులో ఈ మాట వచ్చినప్పుడు వెనక బెంచీలో ముడుచుకు కూచోకు. చేసి చూపించు.

ఇంకొకటి, ఇది కాస్త చేదు. బయటి దేశాల నుంచి వచ్చిన టీచర్లకి ఇల్లూ, విమానం టికెట్లూ ఇస్తారు, ఊళ్లోవాళ్లకి అవేమీ ఉండవు, జీతమూ తక్కువే. చాలా స్కూళ్లలో ఇదే తీరు. నాకు ఇది ఎప్పుడూ న్యాయంగా అనిపించలేదు. దాన్ని నువ్వు మార్చలేకపోవచ్చు కానీ, థాయ్ టీచర్లనీ అసిస్టెంట్లనీ ప్లానింగ్ మీటింగుకి నువ్వు పిలవొచ్చు. నువ్వు రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లే మనిషివి. వాళ్లు ఉండేవాళ్లు. పిల్లల తల్లిదండ్రులు వాళ్లకి తెలుసు, అంతకుముందు సంవత్సరం ఏ పాఠం ఎందుకు కుదరలేదో కూడా తెలుసు. నువ్వు చేసిన ప్రతి యూనిట్ చివరా ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు అని నాలుగు ముక్కలు రాసి అందరికీ అందేచోట పెట్టు. నీ లాప్‌టాప్‌లో దాచుకుంటే నీతోపాటే విమానం ఎక్కేస్తుంది.

ఇక్కడ ప్రభుత్వ టీచర్లకి 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. ఫోన్‌లో దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక మీద కోర్సులు చేస్తున్నారు, మంచిదే. కానీ గంటలు నిండాయా అని అడిగేవాళ్లే తప్ప తరగతిలో ఏం మారిందని అడిగేవాళ్లు తక్కువ. అందుకని మన ఊళ్లో కొందరు సైన్సు మాష్టార్లు, పాతపట్నం నుంచి వచ్చేవాళ్లూ, నెలకో ఆదివారం మా ఇంట్లో కూచుని పిల్లల నోట్‌బుక్కులు చూసుకుంటున్నారు. అక్కడ కాస్త కుదురుకున్నాక వీడియో కాల్‌లో రా. నీ పిల్లల ల్యాబ్ రిపోర్టు ఒకటి పేరు తీసేసి ముందురోజే పంపించు, ప్రింటు తీసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ