పాత అంబాసిడర్ తాళాలు బాగుచేసిన అబ్బాయి ఏం చదవాలి?

ప్రశ్న: మా మామగారి 1970 నాటి అంబాసిడర్ మార్క్ 2 ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉండిపోయింది. డ్రైవరు వైపు తాళంచెవి తిరిగేది కాదు, వెనక తలుపులు అసలు తెరుచుకునేవి కావు. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్న మా అబ్బాయి సెలవుల్లో వాటిని విప్పి బాగుచేశాడు. ఒక్క తలుపుకే వేరే లాక్ తెచ్చి వేశాడు. ఇప్పుడు బీటెక్ వద్దు, పాత కార్ల పనే నేర్చుకుంటానంటున్నాడు. వాళ్ల నాన్నగారేమో తాళాలు రిపేరు చేసుకుని బతుకుతావా అని కోప్పడుతున్నారు. మధ్యలో నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, ముందుగా బాబు చేసిన పని ఎంతటిదో మీవారికి తెలియాలి. పట్టేసిన తలుపుతో వచ్చే చిక్కేమిటంటే, లాక్ విప్పాలంటే లోపలి ప్యానెల్ తీయాలి, తలుపు మూసి ఉండగా ఆ ప్యానెల్ అంత తేలిగ్గా రాదు. సీటు మీద వంగి కూర్చుని, అద్దం తిప్పే హ్యాండిల్ ఊడదీసి, కార్డుబోర్డు చిరగకుండా ప్యానెల్ లాగి, కంటికి సరిగా కనబడని సందులో చెయ్యి పెట్టి పనిచేయాలి. ఓపిక లేనివాడు స్క్రూడ్రైవర్‌తో పొడిచి పెయింటు పాడుచేస్తాడు, లేదా తాళంచెవిని బలంగా తిప్పి లోపలే విరగ్గొడతాడు.

ఒకసారి బాబుని పక్కన కూర్చోబెట్టుకుని కొన్ని సంగతులు అడగండి. తాళం పట్టేసిందా, కీళ్లు అరిగి తలుపు కిందికి జారడంవల్ల లాచ్, అంటే తలుపుని పట్టి ఉంచే కొక్కెం, బిగుసుకుందా? ఆ రెండింటికీ తేడా ఎలా కనుక్కున్నాడు? తలుపును కొద్దిగా పైకెత్తి పట్టుకుంటే హ్యాండిల్ తేలిగ్గా కదిలిందంటే తాళంలో తప్పు లేదన్నమాట. తుప్పు వదలడానికి నూనె వేసి రాత్రంతా ఆగాడా, వెంటనే సుత్తి తీశాడా? లాచ్‌ని కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీజు పెట్టి ఉంటాడు సరే, తాళంచెవి దూరే బ్యారెల్‌లో ఏం వేశాడు? అక్కడ గ్రీజు వేస్తే దుమ్ము పట్టి కొన్నాళ్లకి మళ్లీ మొదటికొస్తుంది, గ్రాఫైట్ పొడి మేలు. అన్నిటికంటే ముఖ్యంగా, మిగతావాటిని బాగుచేసి ఆ ఒక్కదాన్నే ఎందుకు మార్చాడు? లోపలి పలకలు అరిగిపోయాయనో, స్ప్రింగు విరిగితే అదే కొలతది దొరకలేదనో కారణం చెప్పగలిగితే, ఆ వయసుకి అది మంచి తీర్పు. ఏది నిలుస్తుందో ఏది నిలవదో పోల్చగలగడం మీదే ఈ వృత్తి అంతా నడుస్తుంది.

అయితే బాబు మాటకి కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. పాత కార్లనే నమ్ముకుని 17 ఏళ్లకే చదువు ఆపడం పొరపాటవుతుంది. మన ఊళ్లో అలాంటి కార్లున్నవాళ్లు తక్కువ. పని వచ్చినప్పుడు బాగా వస్తుంది, రానప్పుడు నెలల తరబడి రాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, చాసిస్ (అడుగు చట్రం), బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉంచిన సొంత వాహనమే వింటేజ్, అంటే పాతకాలపు వాహనం కింద నమోదవుతుంది. కొత్త నమోదుకి రుసుము 20,000 రూపాయలు. నమోదయ్యాక ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. రోజూ తిరగని బండికి రిపేర్లూ తక్కువే. అందుకని ఈ పని రెండో ఆదాయంగా ఉంటే బాగుంటుంది, మొదటిది గట్టిగా ఉండాలి.

ఆ మొదటిది ఏమిటంటే, నా సలహా టూల్ మేకింగ్, అంటే లోహంతో పనిముట్లు, అచ్చులు కచ్చితమైన కొలతలకి తయారుచేసే పని. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇవాళ రాణిగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో వెతికితే కొన్ని భాగాలు దొరుకుతున్నాయి, అవీ తగ్గిపోతాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కాలంనాటి 1912 రోల్స్ రాయిస్ ఉంది కదా, అలాంటి బండికి ఒక పిన్ను పోతే ఏ దుకాణంలోనూ దొరకదు, కొలిచి, లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం మీద చేయాల్సిందే. భాగాన్ని మార్చేవాళ్లు చాలామందే ఉంటారు. దాన్ని తయారుచేయగలవాళ్లు తక్కువ. వాళ్లకి కార్ల పని లేని నెలలో కూడా ఫ్యాక్టరీల్లో పని ఉంటుంది.

బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968లో పెట్టారు. అక్కడ టూల్, డై, మోల్డ్ మేకింగ్‌లో నాలుగేళ్ల డిప్లొమాకి పదో తరగతి అర్హత, ప్రవేశపరీక్ష ఉంటుంది. వయోపరిమితి కూడా ఉంటుంది కాబట్టి ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోకుండా ఇప్పుడే వెళ్లి కనుక్కోండి. అది కుదరకపోతే ఐటీఐలో ఫిట్టర్, లేదా మెకానిక్ మోటార్ వెహికల్, రెండూ రెండేళ్ల కోర్సులే. మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి వర్క్‌షాప్ చూపించమని అడగండి. మీవారి మనసులో ఇంజినీరింగే ఉంటే అదీ పోదు. డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశపరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. బాబు ఒప్పుకుంటే ఎంసెట్ స్థానంలో వచ్చిన ఎప్‌సెట్ రాసి నేరుగా మెకానికల్‌లో చేరినా తప్పులేదు. ఏ దారైనా ఇంటర్ మాత్రం పూర్తిచేయాలి, అందులో బేరం వద్దు.

ఇంకో విషయం, ఇది నేను గట్టిగా చెప్తాను. తాళాలు తెరవడం వచ్చిందని తెలియగానే చుట్టుపక్కలవాళ్లు పిలుస్తారు. ఎవరి బండైనా సరే, ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూడకుండా తాళం ముట్టుకోవద్దని, డూప్లికేట్ చెవి చేయొద్దని బాబుకి ఇప్పుడే చెప్పండి. తెలిసినవాళ్లే కదా అని చేసిన పని పోలీస్ స్టేషన్ దాకా తీసుకెళ్లొచ్చు. పేరు, బండి నంబరు, తేదీ రాసుకునే పుస్తకం ఒకటి పెట్టించండి.

ఇప్పటి కార్లలో తాళంచెవిలోనే చిప్ ఉంటుంది, దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ అనే పరికరం దాన్ని గుర్తుపడితేనే ఇంజన్ స్టార్ట్ అవుతుంది. తలుపుల్లో చిన్న మోటార్లు లాక్‌ని తిప్పుతాయి. కాబట్టి ఆటో ఎలక్ట్రికల్ కొంత రాకపోతే ఈ పనిలో ముందుకు పోలేడు. డిప్లొమాలో ఉండగా సాయంత్రాలు మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర నేర్చుకోమనండి.

ఈ ఆదివారం మీవారిని ఆ అంబాసిడర్ దగ్గరికి తీసుకెళ్లండి. తీసేసిన పాత లాక్‌ని బాబు ఆయన ముందు విప్పి, ఏది ఎందుకు పాడైందో తనే చెప్పనివ్వండి. సోమవారం ముగ్గురూ కలిసి బాలానగర్ వెళ్లండి. పదో తరగతి మెమో, ఆధార్ వెంట తీసుకెళ్లండి.