ఎంఎస్‌కి పంపితే పాత కారు విప్పుకుని కూర్చున్నాడు

ప్రశ్న: మాది ఖమ్మం. ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. నా చేతులకు అంటిన గ్రీజు మా వాడికి అంటకూడదని ఇంజనీరింగ్ చదివించాను. 38 లక్షలు లోను తీసి మెకానికల్‌లో ఎంఎస్‌కి మిచిగన్ పంపాను. రెండో సెమిస్టర్ అయిపోవచ్చింది. ఇప్పుడు నలుగురు స్నేహితులతో కలిసి 1998 నాటి హోండా సివిక్ ఒకటి 450 డాలర్లకు కొని, అద్దె గ్యారేజీలో మొత్తం విప్పేశారు. పద్నాలుగు గంటల రేసుకు తయారుచేస్తారట. తన వాటాగా ఇప్పటికే 1,600 డాలర్లు పెట్టాడు. ఉన్న ఇంజిన్ తీసేసి పెద్దది ఎక్కిద్దామని ఇద్దరు పట్టుబడుతున్నారట. జీపీఏ 3.7 నుంచి 3.3కి దిగింది. దగ్గర్లో కార్ల షెడ్డు నడిపే ఒకాయన శని, ఆదివారాలు వచ్చి పనిచేస్తే డబ్బులిస్తానన్నాడని సంబరంగా చెబుతున్నాడు. దీనివల్ల ఉద్యోగానికి ఏమైనా ఉపయోగం ఉందా? మాన్పించమంటారా?

జవాబు: మాన్పించవద్దనే చెబుతానండీ. కానీ ఆ షెడ్డు పని మాత్రం ఈ రాత్రికే ఫోన్ చేసి వద్దనండి. ముందు అది తేలాక మిగతా సంగతి మాట్లాడుకుందాం.

ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి అనుమతి లేకుండా క్యాంపస్ బయట సంపాదిస్తే స్టేటస్‌కే ముప్పు. నగదు ముట్టుకోకుండా "నా దగ్గర పని చేసిపెట్టు, నీ కారుకి పార్టులిస్తా" అన్నా అదీ జీతం లెక్కలోకే వస్తుంది. చదువుతుండగా బయట పని చేయాలంటే సాధారణంగా సీపీటీ అనే అనుమతి కావాలి. అది కోర్సులో భాగమైన పనికే ఇస్తారు, యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఐ-20 అనే విద్యార్థి పత్రం మీద రాసిచ్చాకే మొదలుపెట్టాలి. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకోవడానికి 12 నెలల ఓపీటీ అనుమతి ఉంటుంది. మెకానికల్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు కాబట్టి దానిపైన మరో 24 నెలలు. లోను తీరేది ఈ 36 నెలల్లోనే. వారానికి వంద డాలర్ల కోసం దాన్ని పణంగా పెట్టడమంటే తెలిసి గోతిలో కాలేయడమే. సొంత కారును సొంత డబ్బుతో బాగుచేసుకోవడం వేరు, అది వ్యాపకం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక కారు సంగతి. రేసు పేరు మీరు రాయలేదు గానీ, 450 డాలర్లు అనగానే నాకు '24 అవర్స్ ఆఫ్ లెమన్స్' తట్టింది. 2006లో కాలిఫోర్నియాలో జే లామ్ అనే ఆయన మొదలుపెట్టారు. ఫ్రాన్స్‌లో 1923 నుంచి జరుగుతున్న లె మాన్ 24 గంటల రేసుకు అది వెక్కిరింపు. అమెరికా వాడుకలో లెమన్ అంటే డొక్కు కారు. కారు మీద 500 డాలర్లకు మించి పెట్టకూడదు, అయితే ప్రాణరక్షణ సామగ్రి ఈ లెక్కలోకి రాదు. పేరులో 24 ఉన్నా చాలా రేసులు శని, ఆదివారాల్లో కలిపి పద్నాలుగు, పదిహేను గంటలే. మిచిగన్‌లో సౌత్ హేవెన్ దగ్గరి జింజర్‌మ్యాన్ ట్రాక్‌లోనూ జరిగింది. వాళ్ల పెద్ద బహుమతి మొదట వచ్చిన కారుకు కాదు, ఎందుకూ పనికిరాదనుకున్న కారును తోలి చూపించిన జట్టుకి. మీ వాడికి మంచి ఇంజనీరింగ్ బడి దొరికిందనే నా అభిప్రాయం.

ఎందుకో చెబుతాను, కాస్త లెక్క వేద్దాం. ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి రెండు నిమిషాలు అనుకోండి. పద్నాలుగు గంటల్లో 420 చుట్లు. ఆ ఇద్దరు స్నేహితులూ కోరినట్టు పెద్ద ఇంజిన్ ఎక్కించి చుట్టుకు మూడు సెకన్లు తగ్గించారనుకుందాం. అప్పుడు 430 చుట్లు. నెలల శ్రమకు, వేల డాలర్లకు వచ్చిన లాభం పది చుట్లు. అదే ముందు చక్రం బేరింగు ఒకటి పోయి, కారు నలభై నిమిషాలు పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన మరమ్మతు చేసే చోట, నిలబడితే? ఇరవై చుట్లు గాలికి పోయాయి. ఇది కాక, ఈ కారు ఐదు వందల్లో అయ్యేది కాదని అక్కడి జడ్జీలకు అనిపిస్తే రేసు మొదలవకముందే చుట్లు కోసేస్తారు. ఇంజిన్ జోలికి పోవద్దని మీ మాటగా చెప్పండి. ముప్పై ఒక్క ఏళ్లు బస్సులు రోడ్డు మీద ఆగకుండా చూసిన మనిషి చెబితే దానికో బరువు ఉంటుంది.

ఆ కాలపు సివిక్‌లో చెడేవి ఏమిటో అందరికీ తెలిసినవే. మీకు ఆసక్తిగా ఉంటుందని రాస్తున్నాను. దాని రేడియేటరు సగం వెడల్పే ఉంటుంది, ఆఫీసుకు వెళ్లి రావడానికి సరిపోతుంది గానీ గంటల తరబడి 6,000 ఆర్‌పీఎంలో తోలితే చాలదు. కుర్రాళ్లు పూర్తి వెడల్పుది వేస్తారు. లేకపోతే ఇంజిన్ వేడెక్కి, బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. రెండోది ఆయిల్. పట్టున్న టైర్లతో పొడవాటి మలుపు తిరుగుతుంటే ఇంజిన్ అడుగున ఉండే సంపులో ఆయిలంతా ఒక పక్కకు చేరుతుంది, నెత్తిన బిందెతో గిరుక్కున తిరిగితే నీళ్లు ఒలికినట్టే. ఆయిల్ పంపు గాలి పీలుస్తుంది, ఇంజిన్ లోపలి బిగ్ ఎండ్ బేరింగులు అరుస్తాయి. సంపులో అడ్డురేకులు వెల్డింగ్ చేస్తే ఆ బాధ చాలావరకు తీరుతుంది. వెనక చక్రాలను పట్టి ఉంచే ట్రైలింగ్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు ఈపాటికి చిరిగి ఉంటాయి, చూసుకోమనండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుందని మీకు చెప్పనక్కర్లేదు. డాట్ 4 రకం ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హామీ 155కి పడిపోతుంది. బ్రేకు వేడికి అది మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది.

వీటన్నిటికంటే నాకు నచ్చేది మెయిన్ రిలే కథ. డ్యాష్‌బోర్డు కింద చిన్న డబ్బా, ఫ్యూయల్ పంపుకు కరెంటు ఇచ్చేది. పాత హోండాల్లో దాని లోపలి టంకం పగుళ్లు పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, క్యాబిన్ వేడెక్కితే అతుకు విడిపోతుంది. రేసులో పెట్రోలు పోయాలంటే ఇంజిన్ ఆపాల్సిందే. పోశాక తాళం తిప్పితే స్టార్టరు తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఇరవై నిమిషాలు కారు చల్లబడితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ప్లగ్గులు మార్చి, డిస్ట్రిబ్యూటర్ మార్చి, చివరికి పంపు కూడా మార్చేసి తలలు పట్టుకున్న జట్లు ఉన్నాయి. వేడిగా ఉన్నప్పుడే మీటరు పట్టుకుని పంపు దాకా కరెంటు వస్తోందా అని చూసినవాడికి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఊహించి పార్టులు మార్చేవాడికీ కొలిచి తప్పు పట్టేవాడికీ ఉన్న ఈ తేడానే కంపెనీవాళ్లు ఇంటర్వ్యూలో వెతుకుతారు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్న, ఉద్యోగానికి ఉపయోగమా? కారు తయారుచేయడం వల్ల కాదు, తయారుచేసినదాని లెక్క రాసిపెట్టుకుంటే ఉపయోగం. నా దగ్గరికి వచ్చే రెజ్యూమేల్లో "స్నేహితులతో రేస్ కారు నిర్మించాను, కార్లంటే ప్రాణం" అనే లైను చాలాసార్లు చూశాను. దానికి ఎవరూ పిలవరు. అదే ఇలా ఉందనుకోండి: ముందు కుడి చక్రం బేరింగు తొమ్మిదో గంటలో పోయింది. విప్పి చూస్తే గ్రీజు మాడి ఉంది, కారణం బ్రేకు వేడి. డిస్కుకు గాలి వెళ్లేలా గొట్టం పెట్టాం, రేసుకొకసారి బేరింగు మార్చాం, బేరింగు ముందే ఎక్కించిన నకిల్ (చక్రం బిగించే భాగం) ఒకటి సిద్ధంగా ఉంచుకున్నాం, మార్చే సమయం నలభై నిమిషాల నుంచి పదిహేనుకు తగ్గింది. ఇది నేను నమూనాకు రాసింది, మీ వాడు తన నిజం అంకెలతో రాయాలి. ఇలాంటి లైన్లు రెండుంటే ఇంటర్వ్యూలో అరగంట వాటి మీదే నడుస్తుంది, అదీ అతనికి తెలిసిన విషయం మీద.

ఇది మీకు కొత్తేం కాదు. డ్రైవరు లాగ్ షీటులో రాసిన కంప్లయింటు చూడటం, షెడ్యూల్ ప్రకారం బస్సును పిట్టు మీదికి ఎక్కించి, చెడకముందే మార్చడం, రోడ్డు మీద బ్రేక్‌డౌన్ అయితే ఎందుకైందో సంజాయిషీ రాయడం. ఆటోమొబైల్ కంపెనీల్లో ఈ పనికే ఎఫ్ఎంఈఏ అని పేరు పెట్టారు. ప్రతి పార్టుకూ ఎలా చెడుతుంది, చెడితే ఎంత నష్టం, ఎంత తరచుగా చెడుతుంది, ముందే పసిగట్టగలమా అని ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసి పట్టిక కడతారు. మీ వాడు దాన్ని క్లాసులో చదివే ఉంటాడు. సివిక్‌లో ఓ ముప్పై పార్టులకు ఆ పట్టిక కట్టమనండి. మార్కులు వేసేటప్పుడు వీడియో కాల్‌లో మీరు కూర్చోండి. గ్రీజు అంటకూడదని చదివించారు, నిజమే, కానీ ఆ గ్రీజులోని విద్య అతనికి అందితే తప్పేముంది?

ఈ అనుభవం పనికొచ్చే ఉద్యోగాలు కూడా స్పష్టంగానే ఉన్నాయి. డ్యూరబిలిటీ టెస్టింగ్, వెహికల్ వ్యాలిడేషన్, బ్రేకులు, థర్మల్, వారంటీ విశ్లేషణ. జనరల్ మోటార్స్‌కు మిల్‌ఫోర్డ్‌లో 1924 నుంచి టెస్ట్ ట్రాకు ఉంది, ఫోర్డ్ డియర్‌బోర్న్‌లో ఉంది, వాటికి పార్టులిచ్చే కంపెనీలు చుట్టూ ఉన్నాయి. నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు మనవాళ్లు ఆ కంపెనీల్లో చాలామందే ఉన్నారు, సంక్రాంతి సంబరాలకు వెళ్తే సగంమంది అక్కడే కలుస్తారు. రేపు ఇటు రావాలనుకున్నా హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజనీరింగ్ సెంటర్, జడ్ఎఫ్ ఉన్నాయి, పెనుకొండలో కియా ఉంది. రేసింగ్ జట్టులోనే ఉద్యోగం కావాలని మీ వాడు కలగంటుంటే మాత్రం ఆ మాట పక్కన పెట్టమనండి. ఆ కొలువులు తక్కువ, వీసా స్పాన్సర్ చేసేవాళ్లు ఇంకా తక్కువ.

యూనివర్సిటీలో ఫార్ములా ఎస్ఏఈ జట్టు ఉందేమో కనుక్కోమనండి, అది విద్యార్థులే చిన్న రేసు కారు తయారుచేసి తలపడే పోటీ. రిక్రూటర్లకు ఆ పేరు వెంటనే తెలుస్తుంది. అందులో మొత్తం 1,000 మార్కులకు ఎండ్యూరెన్స్‌కే, అంటే ఆగకుండా ఎక్కువ దూరం తిరగడానికే, 275. అయినా అది 22 కిలోమీటర్ల పరుగే, సివిక్ ఒక్క శనివారమే దానికి చాలా రెట్లు తిరుగుతుంది. జట్టులో డేటా విభాగంలో చోటు దొరికితే రెండూ కలిసొస్తాయి. సివిక్ 1996 తర్వాతిది కాబట్టి ఇంజిన్ కంప్యూటర్‌లోని సమాచారం చదివే ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. చవక రీడరుతో కూలెంట్ ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఆయిల్ ప్రెషర్‌కు మాత్రం విడిగా సెన్సర్ పెట్టాలి. పెట్టి తీరాలి, ఆయిల్ అందక ఇంజిన్ పోయే ముందు చెప్పేది అదే.

జీపీఏ గురించి మీ భయం న్యాయమైనదే. 3.3 ఫర్వాలేదు, కానీ దిగుతున్న దారి నాకు నచ్చలేదు. చాలా చోట్ల 3.0 కంటే తగ్గితే డిగ్రీకీ అసిస్టెంట్‌షిప్‌కీ ఇబ్బందే. పరీక్షలకు మూడు వారాల ముందు గ్యారేజీకి తాళం పడాలి, ఇది ఐదుగురూ ఒప్పుకోవాల్సిన మాట. కంపెనీలు సెప్టెంబరు, అక్టోబరు కెరీర్ ఫెయిర్లలోనే చాలా భాగం ఎంపిక చేసుకుంటాయి. వేసవిలో ఒక రేసు పూర్తిచేసి, ఆగస్టుకల్లా ఆ లైన్లు రెజ్యూమేలోకి ఎక్కితేనే ఈ శ్రమకు ఫలం. కారు అప్పటికీ స్టాండ్ల మీదే ఉంటే అమ్మేసి చదువు చూసుకోమనండి.

ఖర్చు కారుతో ఆగదని కూడా తెలుసుకోండి. కారు బోల్తా పడినా లోపలి మనిషిని కాపాడే ఇనుప చట్రం, రోల్ కేజ్, నిపుణుడి చేత చేయిస్తే రెండు, మూడు వేల డాలర్లు తేలిగ్గా అవుతుంది. వెల్డింగ్ నేర్చుకుంటున్న పిల్లలు అది సొంతంగా చేస్తామంటే ససేమిరా ఒప్పుకోవద్దు. మీరు గ్యారేజీ మనిషి, అతుకు అంటే ఏమిటో మీకు తెలుసు. ఇంకా రేసు సీటు, బెల్టులు, మంటలార్పే సిస్టమ్, కరెంటు మొత్తం ఆపే కిల్ స్విచ్, కిటికీ వల. తోలేవాడికి మంటకు అంటుకోని సూటు, మెడకు హాన్స్ పరికరం, హెల్మెట్, అన్నీ కలిపి మనిషికి వెయ్యి డాలర్లు దాటుతుంది. లోను డబ్బులోంచి మొత్తం రెండున్నర వేలకు మించి ఇవ్వనని ఇప్పుడే గీత గీయండి. యూనివర్సిటీ హెల్త్ ఇన్సూరెన్స్ కాగితంలో మోటార్ రేసింగ్‌కు వర్తించదని రాసి ఉందేమో చదవమనండి. అలా రాసి ఉంటే మీ వాడు పిట్‌లో ఉండి మరమ్మతు పనులు నడిపించే క్రూ చీఫ్‌గా చేయాలి, స్టీరింగ్ వేరేవాళ్లకు ఇవ్వాలి. ఉద్యోగం లెక్కలో చూస్తే క్రూ చీఫ్ అనే మాటకే విలువ ఎక్కువ, తోలినవాడు ఎంత వేగంగా తోలాడో ఏ కంపెనీ అడగదు.

హెల్మెట్ దగ్గర ఒక మోసం ఉంది, అది చెప్పి ఆపుతాను. స్నెల్ అనేది హెల్మెట్లను పరీక్షించి ముద్ర వేసే సంస్థ. బైకు హెల్మెట్ మీద స్నెల్ 'ఎం' అని ఉంటుంది, కార్ల రేసుకు స్నెల్ 'ఎస్ఏ' కావాలి, దానికి మంట పరీక్ష ఉంటుంది. చవకగా వచ్చిందని మొదటిది కొంటే రేసు పొద్దున తనిఖీలో పక్కన పెట్టేస్తారు. కొనేముందు లోపలి స్టిక్కరు ఫొటో తీసి మీకు వాట్సాప్ చేయమనండి.