ఏ ఫ్రాంచైజీ అన్నది తర్వాత, ముందు బిల్లులు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది ఖమ్మం. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి నిరుడు రిటైరయ్యాను. మా అబ్బాయి బీటెక్ మెకానికల్ చదివి, హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి మానేసి వచ్చాడు. ఫాస్ట్‌ఫుడ్ ఫ్రాంచైజీ పెడతానంటున్నాడు. మూడు అవకాశాలు కనిపిస్తున్నాయి. ఒకటి, పేరున్న విదేశీ కంపెనీ. వెబ్‌సైట్లో వివరాలు నింపితే వాళ్లే ఫోన్ చేసి రిజిస్ట్రేషన్‌కు లక్షన్నర కట్టమంటున్నారు. రెండోది హైదరాబాద్‌కు చెందిన ఫ్రైడ్ చికెన్ చైన్, అన్నీ కలిపి 22 లక్షలు. మూడోది చాయ్, స్నాక్స్ కంపెనీ. 12 లక్షలు పెడితే షాపు వాళ్లే నడిపి నెలకు 30 వేలు గ్యారంటీగా ఇస్తారట. రిటైర్మెంట్‌కు వచ్చిన డబ్బు మొత్తం 26 లక్షలు. ఏది ఎంచుకోమంటారు?

జవాబు: ముందుగా ఆ లక్షన్నర కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే, ఈ జవాబు పూర్తిగా చదవకముందే 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. సైబర్ మోసాల్లో మొదటి కొన్ని గంటల్లో చెబితేనే ఆ డబ్బు బ్యాంకులో ఆపే అవకాశం ఉంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పెద్ద విదేశీ బ్రాండ్లు మనలాంటివాళ్లకు ఒక్కో షాపు చొప్పున ఫ్రాంచైజీ ఇవ్వవు. డొమినోస్‌ను దేశమంతటా జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ నడుపుతోంది. దక్షిణ, పశ్చిమ రాష్ట్రాల్లో మెక్‌డొనాల్డ్స్ హక్కులు వెస్ట్‌లైఫ్‌వి. కేఎఫ్‌సీ, పిజ్జా హట్ షాపులను పెంచింది దేవయాని ఇంటర్నేషనల్, సఫైర్ ఫుడ్స్. బర్గర్ కింగ్ రెస్టారెంట్ బ్రాండ్స్ ఆసియాది. ఇవన్నీ షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీలు. స్థలం లీజుకు తీసుకుని షాపులు తామే తెరుచుకుంటాయి. మెయిన్ రోడ్డు మీద మీకు మంచి బిల్డింగ్ ఉంటే అద్దెకిస్తామని వాళ్లను అడగొచ్చు, అంతవరకే. అచ్చం అసలు కంపెనీదే అనిపించే వెబ్‌సైట్ పెట్టి, లోగోతో 'అప్రూవల్ లెటర్' పంపి, రిజిస్ట్రేషన్ అని ఒకసారి, లైసెన్స్ అని ఇంకోసారి డబ్బు లాగడం పాత మోసమే. నా దగ్గరకు వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ మూడు విడతల్లో ఆరు లక్షలు పోగొట్టుకున్నారు. ఆమె చేతిలోని లెటర్ మీద హోలోగ్రామ్ కూడా ఉంది.

ఇక మూడోది. 12 లక్షలకు నెలకు 30 వేలంటే ఏడాదికి 30 శాతం. ఏ షాపైనా అంత కచ్చితంగా సంపాదిస్తుంటే కంపెనీ బ్యాంకు లోను తీసుకుని తానే పెట్టుకుంటుంది, మీ డబ్బు దానికెందుకు? పెట్టుబడి మీది, నడిపేది వాళ్లు అనే ఈ పద్ధతిని వ్యాపారంలో ఫోకో అంటారు. అన్నీ మోసాలని నేను అనను. కానీ ఇచ్చే గ్యారంటీ షాపు అమ్మకాల్లోంచి వస్తోందా, మీ తర్వాత చేరినవాళ్ల డిపాజిట్లలోంచి వస్తోందా అన్నది బయటినుంచి మీకు కనబడదు. అది నిజంగా వచ్చినా, మీ అబ్బాయికి అందులో పనేముంది? ఇంట్లో కూర్చుని నెలనెలా ఖాతా చూసుకోవడం 25 ఏళ్ల కుర్రాడికి కెరీర్ కాదు. మూడేళ్ల తర్వాత కంపెనీ షట్టర్ దించితే డబ్బూ ఉండదు, పనీ వచ్చి ఉండదు. దీన్ని వదిలేయండి.

మిగిలింది ఫ్రైడ్ చికెన్. ఆలోచించదగ్గది ఇదొక్కటే. అయితే వాళ్లు మీకిచ్చిన రంగుల బ్రోచర్ చూసి నిర్ణయించకండి. మీరు కండక్టర్‌గా చేశారు కాబట్టి ఈ విషయం నాకంటే మీకే బాగా తెలుసు. బస్సు నిండా జనం ఉన్నట్టు కనబడటం వేరు, దిగాక డిపోలో కట్టే కలెక్షన్ వేరు. షాపూ అంతే.

ఒక ఉదాహరణ వేద్దాం. అంకెలు నేను అనుకున్నవి, మీరు ఖమ్మం ధరలతో సరిచేసుకోండి. రోజుకు 12 వేల అమ్మకం అనుకుందాం, నెలకు 3.60 లక్షలు. చికెన్, పిండి, నూనె, బన్నులు కలిపి సరుకుకు 40 శాతం పోతే 1.44 లక్షలు. బ్రాండ్ పేరు వాడుకున్నందుకు కంపెనీకి కట్టే రాయల్టీ 6 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి పాతిక వేల అయిదు వందలు. అద్దె 45 వేలు. నలుగురు కుర్రాళ్ల జీతాలు, భోజనం కలిపి 65 వేలు. ఫ్రయర్లు, డీప్ ఫ్రీజర్లు, ఏసీ ఉన్నచోట కరెంటు, గ్యాస్ కలిపి 25 వేలు. అమ్మకాల్లో 40 శాతం స్విగ్గీ, జొమాటోల నుంచి వస్తే, 22 శాతం కమిషన్, దాని మీద జీఎస్టీతో కలిపి 37 వేల పైచిలుకు. ప్యాకింగ్, క్లీనింగ్, రిపేర్లకు 15 వేలు. కూడి చూడండి. నెల చివర చేతిలో మిగిలేది మూడు వేల చిల్లర. ఇందులో మీ అబ్బాయి జీతం లేదు, మీ 22 లక్షలకు వడ్డీ లేదు.

అదే షాపు, అదే అద్దె, రోజుకు 20 వేల అమ్మకం వేసి చూడండి. ఇంకో కుర్రాణ్ని పెట్టి, కరెంటుకూ చిల్లర ఖర్చులకూ కాస్త పెంచినా నెలకు 80 వేల దాకా మిగులుతుంది. అంటే మీ కుటుంబం భవిష్యత్తు 12 వేలకూ 20 వేలకూ మధ్య ఉంది. సగటు బిల్లు 200 రూపాయలైతే, రోజుకు 60 బిల్లులా, 100 బిల్లులా అన్నదే ప్రశ్న. కంపెనీ పేరు ఏదైనా ఈ ప్రశ్న మారదు.

ఆ బిల్లుల సంఖ్య కంపెనీ మీకు నిజం చెప్పకపోవచ్చు. కానీ తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఆ చైన్‌కు మీ ఊరి స్థాయి పట్టణాల్లో, నల్గొండలోనో సూర్యాపేటలోనో కొత్తగూడెంలోనో, రెండేళ్లు నిండిన షాపు ఉందేమో చూడండి. ఉంటే పొద్దున తెరవగానే వెళ్లి ఒక వాటర్ బాటిల్ కొని బిల్లు తీసుకోండి. రాత్రి మూసే ముందు ఇంకొకటి కొనండి. బిల్లు మీద వరుస నంబరు ఉంటుంది. రెండో నంబరులోంచి మొదటిది తీసేస్తే ఆ రోజు ఎన్ని బిల్లులు పడ్డాయో వచ్చేస్తుంది. యాప్ ఆర్డర్లకు వేరే సిరీస్ ఉందేమో కౌంటర్ కుర్రాణ్ని మాటల్లో పెట్టి కనుక్కోండి. ఇలా ఒక ఆదివారం, ఒక మంగళవారం, ఒక గురువారం చేయండి. రెండేళ్లు నిండిన షాపు ఒక్కటీ లేకపోతే అదే మీకు జవాబు. కొత్త కంపెనీ మీ డబ్బుతో ప్రయోగం చేయబోతోందన్నమాట.

చికెన్‌కు మన దగ్గర ఇంకో సంగతి ఉంది, బ్రోచర్లు దాన్ని చెప్పవు. శ్రావణంలో, కార్తీకంలో చాలా ఇళ్లలో నీచు ముట్టరు. ఆ వెంటే అయ్యప్ప మాలలు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు తెలంగాణలో కూడా చికెన్ కొనడానికి జనం భయపడ్డారు. కాలేజీల దగ్గర షాపు పెడితే వేసవి సెలవులు. ఏడాదికి 12 నెలలని లెక్క వేసుకోకండి, తొమ్మిదిన్నర నెలల అమ్మకంతో 12 నెలల అద్దె కట్టాలని లెక్క వేసుకోండి. మెనూలో పనీర్, వెజ్ బర్గర్, ఫ్రైస్ ఎంత గట్టిగా ఉన్నాయో చూడమనేది అందుకే.

అగ్రిమెంట్ విషయానికొస్తే, అమెరికాలో ఫ్రాంచైజీ ఇచ్చే కంపెనీ సంతకానికి కనీసం 14 రోజుల ముందు తన షాపుల వివరాలు, ఈమధ్య వదిలేసి వెళ్లినవాళ్ల జాబితాతో సహా, కాగితం మీద ఇవ్వాలని అక్కడి కేంద్ర ప్రభుత్వ నిబంధన. మన దేశంలో ఫ్రాంచైజీల కోసం ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద మీరు సంతకం పెట్టిందే మీకు చట్టం. కాబట్టి అడిగి తీసుకోవాలి. మూతపడిన షాపుల యజమానుల ఫోన్ నంబర్లు ఇవ్వమనండి. ఇవ్వడానికి నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ఒక తల్లి నాకు చూపించిన అగ్రిమెంట్ 34 పేజీలు, అంతా ఇంగ్లీషు. వాళ్ల షాపుకు ఎంత దూరంలో కంపెనీ ఇంకో షాపు పెట్టకూడదో అందులో ఎక్కడా రాయలేదు. ఏడాది తిరక్కుండానే కిలోమీటరున్నర దూరంలో అదే బోర్డు లేచింది. ఆదివారం సాయంత్రం అమ్మకం సగానికి పడింది. అడిగితే, పేజీ నంబరు చెప్పి చదువుకోమన్నారట. మూడేళ్లు నిండగానే రెన్యువల్ ఫీజు మళ్లీ కట్టాలని కూడా అందులోనే ఉంది. ఆమె కొడుకు గోడల మీది ఎర్ర స్టిక్కర్లు హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి ఒక్కొక్కటే పీకుతుంటే చూశాను. వాటికే రెండు లక్షలు పోశారు. మీరు మాత్రం అగ్రిమెంట్‌ను ఒక లాయర్‌తో చదివించి, దూరం, రెన్యువల్, మధ్యలో వదిలేస్తే డిపాజిట్ ఏమవుతుంది, సరుకు వాళ్ల దగ్గరే కొనాలా, ధర ఎవరు పెంచుతారు అన్నవి తెలుగులో రాయించుకోండి. బ్రాండ్ పేరు ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ అయిందో లేదో కేంద్ర ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్లో, హోటళ్లు, రెస్టారెంట్లు వచ్చే 43వ క్లాసు కింద వెతకండి, ఖర్చేం లేదు. బావర్చి పేరుతో ఎన్ని ఊళ్లలో ఎన్ని హోటళ్లున్నాయో మీకు తెలుసు కదా. అలాంటి పేరుకు రాయల్టీ కట్టి ప్రయోజనం లేదు.

జీఎస్టీ గురించి ఒక్క మాట. ఇలాంటి షాపు కస్టమర్ దగ్గర వసూలు చేసేది 5 శాతం, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే మీరు కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని అందులోంచి తగ్గించుకోవడానికి లేదు. ఇంటీరియర్‌కు పది లక్షలైతే దాని మీది 1.80 లక్షలు తిరిగి రావు. '22 లక్షలు' అన్నప్పుడు పన్నుతో కలిపా, కాకుండానా అని అడగండి.

ఇప్పుడు అసలు విషయం, మీ అబ్బాయి. ఉద్యోగం ఎందుకు మానేశాడో మీరు రాయలేదు. జీతం చాలక మానేశాడా, పైవాళ్ల ఒత్తిడి తట్టుకోలేక మానేశాడా, సొంతంగా ఏదైనా చేయాలన్న తపనా? ఒత్తిడే కారణమైతే షాపులో టెన్షన్ ఇంకా ఎక్కువ. ఈ వ్యాపారం సాయంత్రం ఏడు నుంచి పదకొండు మధ్యే నడుస్తుంది. ఆదివారాలు, పండుగలు, క్రికెట్ మ్యాచ్ రాత్రులు స్నేహితులు బయట తింటుంటే తను కౌంటర్ వెనక ఉండాలి. కుర్రాడు రాకపోతే తనే ఫ్రయర్ దగ్గర నిలబడాలి.

అందుకే నా సలహా: డబ్బు కట్టే ముందు మూడు నెలలు ఏదైనా ఫాస్ట్‌ఫుడ్ షాపులో టీమ్ మెంబర్‌గా చేరమనండి. ఇంటర్ పాసైనా తీసుకుంటారు, జీతం తక్కువే. బీటెక్ చదివి ట్రేలు తుడవడమేంటని మీ ఇంట్లో బాధపడతారని నాకు తెలుసు. వరంగల్ అమ్మాయి ఒకామెను ఇలాగే పంపాను. మూడో వారంలో వచ్చి మోచేతి కింద నూనె చిట్లిన మచ్చ చూపించింది. రాత్రి పదకొండున్నరకు నూనె వడగట్టి, ఫ్రయర్ కడిగి రూముకెళ్లేసరికి ఒంటిగంటట. కానీ ఏం నేర్చుకుందో చెబుతుంటే ఆపలేకపోయాను. వేగించగా వేగించగా నూనె పాడవడాన్ని టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే కొలతతో చూస్తారు. అది 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జూలై నుంచి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. ఆమె మీటరు ముంచి చూడటం, ఏ రోజు నూనె మార్చాలో లెక్కపెట్టడం, మయోనైజ్ ప్యాకెట్ ఒకటి మర్చిపోతే యాప్‌లో రీఫండ్ ఎలా కోస్తారో అన్నీ నేర్చుకుంది. తర్వాత షాపు పెట్టింది, కొత్తది కాదు. ఉద్యోగరీత్యా ఊరు మారుతున్నాయన దగ్గర రెండేళ్లుగా నడుస్తున్న షాపును తీసుకుంది. బిల్లుల లెక్క కళ్ల ముందే ఉంది, ఫ్రయర్లు సగం ధరకే వచ్చాయి. మీరూ ఆ దారి చూడండి. కొత్తగా పెట్టాల్సి వస్తే కూర్చుని తినే పెద్ద షాపు వద్దు, పార్సిల్ కౌంటర్ సైజు ఉందేమో కంపెనీని అడగండి.

మూడు నెలల్లో ఇది తన వల్ల కాదని తేలితే నష్టమేం లేదు, 22 లక్షలు మిగిలాయి. పని నచ్చి, షాపు మీద మనసు పోకపోయినా సరే. టీమ్ మెంబర్ నుంచి షిఫ్ట్ మేనేజర్, అక్కణ్నుంచి రెస్టారెంట్ మేనేజర్ దాకా మెట్లున్న ఉద్యోగమది. ఎగ్జాస్ట్, చిల్లర్, ఫ్రయర్ రిపేర్లు అర్థమయ్యే మెకానికల్ కుర్రాడికి అక్కడ విలువ ఉంటుంది.

డబ్బు విషయంలో మాత్రం నేను మెత్తబడను. 26 లక్షల్లో 12 లక్షలకు మించి దీనికి ముట్టుకోకండి. అందులోంచే ఆరు నెలల అద్దె, జీతాలు పక్కన పెట్టాలి. మిగతాది మీ పేరున, మీ ఇంటావిడతో జాయింటుగా పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో వేయండి. చాలకపోతే ముద్ర లోనుకు అబ్బాయే వెళ్లాలి. బ్యాంకు మేనేజర్ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం కూడా అతనికి శిక్షణే.

వచ్చే ఆదివారం అబ్బాయిని తీసుకుని సూర్యాపేట బస్సెక్కండి. తెచ్చిన బిల్లుల మీద తేదీ, టైము వేసి ఉంచండి. ఆ తర్వాత వైరా రోడ్డులో, మయూరి సెంటర్‌లో అద్దెలు కనుక్కుని రెండూ కలిపి నాకు రాయండి. ఖమ్మం లెక్క కలిసి వేద్దాం.