పరగడుపు షుగర్ ఒకరోజు 90, ఒకరోజు 210: డోసు పెంచే ముందు చూసుకోవాల్సినవి

రాత్రి పదింటికి 22 యూనిట్ల గ్లార్జిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) వేసుకుంటున్నారు, భోజనం దాదాపు ఒకటే, అయినా పొద్దున షుగర్ ఒకరోజు 90, ఇంకోరోజు 210 వస్తోంది, డోసు పెంచాలా అని అడిగారు. ఇప్పుడే పెంచకండి. డోసు చాలకపోతే దాదాపు ప్రతి ఉదయం ఎక్కువే కనబడాలి. ఇలా ఊగుతోందంటే వేసిన మందు రోజూ ఒకేలా ఒంటికి పట్టడం లేదు, లేదా రాత్రిపూట ఇంకేదో జరుగుతోంది. ఈ స్థితిలో పెంచితే 210 కాస్త తగ్గుతుందేమో గానీ, 90 వచ్చే రోజున నిద్రలోనే షుగర్ పడిపోతుంది.

ఏళ్లుగా ఇదే ఇన్సులిన్ మీద ఉన్న నా అనుభవంలో మొదట చూడాల్సింది సూది గుచ్చే చోటు. స్నానం చేసేటప్పుడు సబ్బు నురగ ఉండగానే పొట్ట మీద, తొడల మీద వేళ్లు గట్టిగా ఆనించి మెల్లగా జరపండి. మామూలు చర్మం మెత్తగా మడత పడుతుంది. పదేపదే ఒకేచోట గుచ్చితే అక్కడ కొవ్వు పేరుకుని రబ్బరులా దళసరిగా తగులుతుంది. కంటికి కనబడకపోయినా వేళ్లకు తెలుస్తుంది. అక్కడ నొప్పి తక్కువ కాబట్టి చెయ్యి తెలియకుండానే అక్కడికే పోతుంది. అందులోకి వెళ్లిన ఇన్సులిన్ ఒకరోజు సగమే పనిచేస్తుంది, ఇంకోరోజు బాగానే పనిచేస్తుంది. గడ్డలు తగిలితే ఆ చోటు నెలల పాటు వదిలేయండి. జాగ్రత్త: మంచి చర్మంలోకి మారగానే అదే 22 యూనిట్లు ఎక్కువైపోవచ్చు. మారే ముందు డాక్టరుతో మాట్లాడి, ఎంత తగ్గించాలో అడగండి, ఆ రోజుల్లో రాత్రుళ్లు కూడా చెక్ చేసుకోండి. ఆపైన ప్రతిసారీ కిందటి చోటికి కనీసం వేలి వెడల్పు దూరంలో గుచ్చండి.

తర్వాత ఇన్సులిన్ వేసుకునే పెన్. ప్రతిసారీ కొత్త సూది పెట్టి, 2 యూనిట్లు తిప్పి, సూది పైకి పట్టుకుని నొక్కండి. చివర చుక్క కనబడాలి, లేకపోతే మళ్లీ చేయండి. డోసు నొక్కాక సూది వెంటనే లాగేయకుండా పది లెక్కపెట్టండి. తీశాక చర్మం మీదకు మందు కారుతోందంటే ఆ రోజు డోసు పూర్తిగా లోపలికి పోలేదు. ఎంత పోయిందో తెలియదు కనుక అంచనా వేసి మళ్లీ వేసుకోకండి. సూదిని పెన్‌కే వదిలేస్తే గాలి చేరి, తర్వాతి డోసు తక్కువ పడుతుంది. వాడకం మొదలుపెట్టిన గ్లార్జిన్ పెన్ 28 రోజులే, అదీ 30 డిగ్రీల లోపు ఉంచితేనే. ఒకసారి చలికి మంచులా గడ్డకట్టిందంటే పారేయాల్సిందే.

ఇవి రెండూ సరిగా ఉంటే రాత్రి లెక్క చూడండి. మూడు నాలుగు రాత్రులు పడుకునే ముందు, తెల్లవారుజామున మూడింటికి, లేవగానే కొలిచి రాసుకోండి. పడుకునేటప్పుడు 200 ఉండి లేచేసరికి 205 ఉంటే గ్లార్జిన్ తన పని చేసినట్టే, తేడా రాత్రి భోజనం దగ్గరుంది. మూడింటికి 125 ఉండి లేచేసరికి 190 అయితే తెల్లవారుజామున హార్మోన్లు షుగర్‌ని పైకి తోస్తున్నాయి. మూడింటికి 70 దగ్గరికి వస్తే గ్లార్జిన్ ఎక్కువైంది, లేదా భోజనం ముందు వేసే ఇన్సులిన్ గానీ సాయంత్రం చేసిన వ్యాయామం గానీ ఇంకా పనిచేస్తున్నాయి. వ్యాయామం ప్రభావం మర్నాటిదాకా ఉంటుంది. మద్యం తాగిన రాత్రి లివర్ గ్లూకోజ్ వదలడం తగ్గుతుంది, ఆ రాత్రి లెక్కలోకి తీసుకోకండి. రోజూ రాత్రికి రాత్రే 50కి పైగా దిగుతుంటే, భోజనం వల్ల పెరిగిన షుగర్‌ని గ్లార్జిన్‌తో దించుతున్నారన్నమాట. అప్పుడు పెంచాల్సింది గ్లార్జిన్ కాదు.

మీటర్ సంగతి కూడా గుర్తుంచుకోండి. మంచి మీటరే అయినా 100 పైన 15 శాతం వరకు తేడా చూపొచ్చు. 180, 200 అనేవి రెండు వేరు అంకెలని కంగారుపడకండి. పండు ఒలిచిన వేలితో చూస్తే అంకె ఎగిరిపోతుంది, కడిగి తుడిచి మళ్లీ చూడండి. ఒంటికి అతికించుకునే షుగర్ సెన్సర్ వాడుతుంటే, అది ఉన్న వైపే ఒత్తుకుని పడుకున్నా తక్కువ చూపిస్తుంది.

డాక్టరు డోసు మార్చాక మూడు నాలుగు రోజులు ఆగితేనే అసలు ఫలితం తెలుస్తుంది. నిన్నటి అంకె చూసి ఇవాళ రెండు పెంచి, రేపు మూడు తగ్గిస్తే ఊగుడు ఇంకా ఎక్కువవుతుంది. షుగర్ 70 కంటే తగ్గితే మాత్రం ఆలోచించకండి: 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాలకు మళ్లీ కొలవండి, ఇంకా తక్కువుంటే మళ్లీ తీసుకోండి. గ్లార్జిన్ గంటల తరబడి లాగుతూనే ఉంటుంది కనుక ఒక్కసారి సరైపోయిందని వెంటనే పడుకోవద్దు. మీది టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) అయితే, జ్వరం వచ్చి తినలేకపోయినా గ్లార్జిన్ మానేయకండి. కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు) చూసుకుని, ఎంత వేసుకోవాలో ఆ రోజే డాక్టరుని అడగండి.